నున్నాకు, నూగాకు

మూత వేసేశాను. గాజు పెట్టె అంచుకు గ్రీజు రాసి, మూత అదిమి, గోడ గడియారం చూశాను. పదికి రెండు నిమిషాలు తక్కువ. పెట్టె అడుగున పోసిన ద్రావకం, లోపల నిలబెట్టిన సిలికా పూత ప్లేటు మీదుగా పైకి పాకడానికి గంట పడుతుంది. పదకొండుకు సార్ వస్తారు. ఈ మధ్యలో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, తొందరపెడితే ఎక్కదు, కదిపితే గీత వంకరపోతుంది, కూర్చోవాలి అంతే. ప్లేటు అడుగున పెన్సిలు గీత, గీత మీద మూడు చుక్కలు. మొదటిది పాత ఆకుపొడిలోంచి తీసిన రసం, నా రెండేళ్ల పనంతా దాని మీదే. రెండోది నున్నాకు. మూడోది నూగాకు. ఇవి అమ్మ వాడే పేర్లు. పుస్తకాల్లో వాటికి వేరే పేర్లున్నాయి, నోరు తిరగనివి, నేను తడుముకోకుండా చెబుతాను, కానీ ఎండిన ఆకు చేతిలో పెట్టి ఏది ఏదంటే చెప్పగలిగేది అమ్మే. పాత పొడిలోంచి మేము ఒక ఫ్లావనాయిడ్‌ను, ఆకులో ఉండే ఒక రకం పసుపు పదార్థాన్ని, విడదీశాం. నున్నాకులో దీన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదని వ్యాసం రాసి పంపాం, పత్రికవాళ్లు ఒప్పుకున్నారు, ప్రూఫు వచ్చింది, ఈ రోజు సార్ సంతకం పెట్టి పంపాలి. అది నిజంగా నున్నాకుదే అయితే రెండో చుక్కలోంచి లేచి వస్తుంది. కాకపోతే మూడో చుక్కలోంచి. గంటలో తెలుస్తుందని సార్ అనుకుంటున్నారు. నాకు పది రోజులుగా తెలుసు.

నిన్న సాయంత్రం సార్ అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. కొత్త బస్తాల్లోంచి మూడుసార్లు తీసినా ఆ పదార్థం రావడం లేదని చెప్పాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు. "ఆ ఆకులు తెచ్చే ఆవిడ ఏదో కలిపేసి ఉంటుంది," అన్నారు. "బరువు కోసం కలుపుతారు వీళ్ళు. చుట్టుపక్కల అలాంటి మొక్క ఏదుందో చూసి రేపు మూడూ పక్కపక్కన ప్లేటు వెయ్యి. అదే అయితే సేకరణలో కల్తీ జరిగిందని ఒక్క వాక్యం రాసి వ్యాసం వెనక్కి తీసుకుందాం. పరువు పోదు. ఎవరికైనా జరిగేదే." తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి, "ఆవిడ దగ్గర ఇంకే ల్యాబూ కొనకుండా అందరికీ ఒక నోటు పంపించు," అన్నారు. నేను సరే సార్ అన్నాను. సరే సార్ అన్నది నా నోరే. ఈ భవనంలో నాలుగు ల్యాబులు, పక్క భవనంలో మందుల తయారీ విభాగం, అందరూ ఆవిడ దగ్గరే ఆకు తీసుకుంటారు, ఆవిడ వారంలో నాలుగు రోజులు కొండవాలున తిరిగేది వీళ్ళ కోసమే. ఆవిడకు నేను రాసే ఒక్క వాక్యంతో పని పోతుంది. ఆవిడ, ఆవిడ. ఆ పిలుపు సార్‌కి ఎవరు నేర్పారు? నేనే నేర్పాను. ఆకులు తెచ్చే ఆవిడ మా అమ్మ. ఈ ల్యాబులో ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ద్రావకం వేలెడు కూడా ఎక్కలేదు. మూత బిగించినా దాంట్లోని ఆమ్లం ఘాటు ఎలాగో బయటికొచ్చి ముక్కు చివర కూర్చుంటుంది. కళ్ళు మండుతున్నాయంటే ఈ ఘాటుకే అనుకోవచ్చు, ఎవరైనా అడిగితే అదే చెప్పొచ్చు. ఎంత తేలిగ్గా వస్తాయి నాకు ఇలాంటి జవాబులు. చిన్నప్పుడు బడిలో నన్ను 'చేదు' అని పిలిచేవాళ్ళు, మా ఇంట్లో ఉన్నది రెండు గదులే, రెండో గదినిండా ఎప్పుడూ నీడలో ఆరబోసిన ఆకులు, నా బట్టలూ పుస్తకాలూ అన్నం కూడా అదే వాసన, ఒకసారి టీచరు ఎవరిదా వాసన అని అడిగితే నేను కూడా అందరితోపాటు ఇటూ అటూ చూశాను. ఇటూ అటూ చూడడం నాకప్పుడే వచ్చేసింది. ఇంట్లో మాత్రం ఆ ఆకుల మధ్యే పాఠం చదువుకునేదాన్ని, అమ్మ తిరగేస్తూ ఉండేది, ఒక్కో ఆకునీ కాదుగానీ ఒక్కో ఆకునీ తిరగేస్తున్నట్టే ఉండేది, "ఎండ తగిలితే రంగు చచ్చిపోతుందే, నీడలో అయితే ప్రాణం లోపలే ఉంటుంది," అనేది. పదిహేనేళ్ల తర్వాత తరగతిలో సార్ బోర్డు మీద రాశారు, నేరుగా ఎండ తగిలితే ఫ్లావనాయిడ్‌లు దెబ్బతింటాయి, నీడలో ఆరబెట్టవలెను. అందరూ రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను, ఇది మా అమ్మకు తెలుసు సార్ అని చెయ్యి ఎత్తాలనిపించింది. ఎత్తలేదు. పెన్ను క్యాపు కొరుకుతూ కూర్చున్నాను.

అమ్మ మొదటిసారి ఈ ల్యాబుకి వచ్చిన రోజు, లిఫ్టు సిబ్బందికే అని కింద ఎవరో అన్నారట, మూడంతస్తులూ బస్తా మోసుకుంటూ ఎక్కి వచ్చింది. ల్యాబులో చేరి నాకు రెండో నెల. తెల్లకోటుకి ఇంకా గంజి పోలేదు. నాతోపాటు పనిచేసే అబ్బాయి, ప్రతిదీ మూడుసార్లు తూస్తాడని గ్రాము అని పిలుస్తాం, వాడు ఇంకో ఇద్దరితో కలిసి టీ తాగుతూ ఉన్నాడు. గుమ్మంలో అమ్మ. జుట్టులో గడ్డిపరకలు, చెప్పులకు మట్టి, ఒక భుజాన బస్తా, ఇంకో చేతిలో చిన్న మూట, మొహమంతా నవ్వు. "ఎవరు?" అన్నాడు గ్రాము, ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా. "ఆకులు తెచ్చే ఆవిడ," అన్నాను. అబద్ధం కాదు కదా, ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు, రెండేళ్లుగా ఈ మాటే నాకు నేను చెప్పుకుంటున్నాను. అమ్మ విన్నది. నవ్వు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉండి కొంచెం మారింది, గదిలో దీపం ఆపకుండానే వెలుతురు తగ్గినట్టు. బస్తా దింపింది. "మేడమ్," అంది నన్ను. "ఇది మీరు అడిగింది మేడమ్. ఈ చిన్న మూటలోది వేరే. నూగాకు. దీనికి చెల్లెలు లాంటిది, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మీ చదువుకి పనికొస్తుందేమోనని తెచ్చాను. రెండూ కలపకండి మేడమ్, మళ్ళీ విడదీయలేరు." మొదటి మేడమ్‌కి నా కాళ్ళ కింద నేల కదిలింది, మూడోదానికి అలవాటైపోయింది. "సరే సరే, అక్కడ పెట్టి వెళ్ళండి," అన్నాను. వెళ్ళండి. మా అమ్మని నేను జీవితంలో అండీ అని పిలిచింది ఆ ఒక్కసారే. గౌరవం తక్కువ చెయ్యడానికి గౌరవంగా పిలిచాను. ఆవిడ వెళ్తూ గుమ్మం దగ్గర తన చెప్పుల మట్టి రాలింది చూసుకుని వంగి చేత్తో తీసి గుప్పిట్లో పెట్టుకుని పోయింది.

ద్రావకం సగానికి వచ్చింది. తడి గీత నిటారుగా ఉంది, మంచి ప్లేటు, చేతిపని వరకు నాది ఎప్పుడూ మంచిదే. ఆ మూట. దాన్ని కట్టిన గుడ్డపీలిక నా పాత బడి స్కర్టు అంచు, నీలం మీద తెల్ల గీత, ఐదో తరగతి నుంచి ఏడు దాకా అదే తొడుక్కున్నాను, ఏటా అంచు విప్పి పొడవు పెంచేది అమ్మ. ఈ ల్యాబులో ఎవడికి తెలుస్తుంది అది నా స్కర్టు అని? ఎవడికీ తెలియదు. అయినా అది ఆ బల్ల మీద, ఆ గాజు సామాను మధ్యన, నా పేరు పెట్టి పిలుస్తున్నట్టే అనిపించింది. గ్రాము ఇటు తిరిగేలోపు ముడి విప్పి పీలిక చెత్తబుట్టలో పడేశాను. పీలిక పోయాక అది మూట కాదు, ఉత్త ఆకుల కుప్ప. ఖాళీగా ఉన్నది ఒక్కటే తట్ట. అందులోకి బస్తా గుమ్మరించి, పైన ఈ కుప్పా గుమ్మరించి, రెండు చేతులతో కలిపేశాను. కలపకండి అన్న మాట చెవిలో ఉండగానే కలిపాను. మర్చిపోలేదు. ఆలోచించలేదని కూడా చెప్పలేను. ఆ క్షణంలో నాకు కావలసింది ఒక్కటే, అమ్మ వచ్చి వెళ్ళిన గుర్తు ఆ బల్ల మీద లేకుండా పోవడం. తర్వాత ఆ తట్టలోంచి సగం పొడి కొట్టాం. పొడి అయ్యాక ఆకుకి మొహం ఉండదు, అన్నీ ఒకే పచ్చటి దుమ్ము. హెక్సేన్‌తో జిడ్డు తీశాం, మిథనాల్‌లో మరిగించాం, సిలికా నింపిన గాజు కాలమ్‌లోంచి నెలల తరబడి చుక్క చుక్క దించాం. చిన్న మూటే, కానీ నూగాకులో ఆ పదార్థం దండిగా ఉంటుంది కాబోలు.

ఇంకొకటి ఉంది, అది తలుచుకుంటే ఇదే నయమనిపిస్తుంది. మొక్క ఏదో తేల్చే పని వృక్షశాస్త్రం ఆచార్యులది. ఆకు కోసిన చోటే, అదే మొక్క నుంచి పువ్వుతో ఉన్న కొమ్మ తెచ్చి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి ఇస్తే, ఆయన చూసి పేరు నిర్ధారించి నంబరు వేసి బీరువాలో పెడతారు. దానికి నేను అమ్మ వెంట కొండవాలుకి వెళ్ళాలి, లేదా అమ్మని ఆచార్యులగారి గదికి తీసుకురావాలి. నేను రెండూ చెయ్యలేదు. మా ఆవరణ తోటలో, పేరు రాసిన రేకు పక్కన పెరుగుతున్న నున్నాకు మొక్క నుంచి ఒక కొమ్మ కత్తిరించి తీసుకెళ్ళాను. సేకరించిన చోటు అన్న గడిలో కొండవాలు అని రాశాను. దస్తూరీ అందంగా ఉందని ఆచార్యులు మెచ్చుకున్నారు. వ్యాసం ప్రూఫులో ఆ నంబరు ఉంది. మొక్కకి నంబరు సరైనదే, పొడికే ఆ నంబరు సరికాదు. ఇవన్నీ తెలియని ఒక మనిషి మీదికి ఇప్పుడు తప్పంతా ఒక్క వాక్యంలో జారిపోతుంది, నేను ఏమీ చెయ్యక్కర్లేదు, అడ్డుపడకుండా ఊరుకుంటే చాలు.

తలుపు తెరుచుకుంది. గ్రాము. "ఏంటి, ప్లేటుకి కాపలా కాస్తున్నావా? పారిపోదులే," అన్నాడు. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "అంత దిగులెందుకు? వ్యాసం పోతే పోయింది. కలిపింది ఆవిడ. నువ్వేం చేస్తావ్?" నేను చీటీల మీద తేదీలు సరిచేస్తున్నట్టు నటించాను. "పాపం మంచావిడే కానీ," అన్నాడు వాడు, "మొన్న కూడా వెనక గేటు దగ్గర నాకు ఒక కట్ట ఊరికే ఇచ్చింది, దగ్గుకి మరిగించుకుని తాగమని. నా దగ్గు సంగతి ఆవిడకెలా తెలుసో." నేనే ఫోన్లో చెప్పాను, పక్కవాడు రోజంతా దగ్గుతున్నాడమ్మా పని సాగడం లేదు అని. వాడు త్రాసు దగ్గరికి పోయి ఏదో తూచుకుని, మళ్ళీ తూచుకుని, వెళ్ళిపోయాడు.

మొదటిసారి పరీక్ష నాళికలో గులాబీరంగు వచ్చిన రోజు నేను ముందు ఫోను చేసింది అమ్మకే. మెగ్నీషియం ముక్క వేసి ఆమ్లం పోస్తే రసం కుతకుతలాడి, పసుపు కాస్తా ఎర్రబారితే ఫ్లావనాయిడ్ ఉన్నట్టు. మెట్ల కింద నిలబడి గుసగుసగా చెప్పాను, ఎర్రగా వచ్చిందమ్మా అని. "ఎర్రగా వస్తే మంచిదా చెడ్డదా?" అంది. మంచిదే అన్నాను. "అయితే సరే," అంది, ఆ సాయంత్రానికల్లా తను ఆకు అమ్మే ప్రతి దుకాణంలోనూ మా అమ్మాయి పచ్చాకులోంచి ఎరుపు తీసిందని చెప్పేసింది. ఆ దుకాణాలవాళ్ళందరికీ నేనెవరో తెలుసు. నేను పనిచేసే చోట మాత్రం తనెవరో తెలియకుండా ఆవిడే కాపాడుకొస్తోంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా నోరు జారలేదు. అంత జాగ్రత్త నాకు రసాయనాల దగ్గర కూడా లేదు.

పది రోజుల కింద ఆదివారం ఇంటికెళ్ళి, మాటల్లో మాటగా, ఆ రోజు చిన్న మూటలో తెచ్చావే, అదేది చూపించు అన్నాను. ఎందుకని అడగలేదు. వాలు మీదికి తీసుకెళ్ళి రెండు కొమ్మలు వంచింది. అదే ఆకు, అదే ఈనె, అదే అంచు. నేను వేలితో రుద్ది చూశాను, తేడా తెలియలేదు. "వేలికి తెలియదే. ఇదుగో ఇలా," అని ఆకు తిరగేసి నా చెంపకి ఆనించింది, ఒకటి చల్లగా జారింది, రెండోది పిల్లి నాలుకలా పట్టుకుంది. "నా వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి, చెంపతోనే చూస్తాను," అంది నవ్వుతూ. అప్పుడు చెప్పాల్సింది. చెంపకి ఆకు ఆనించి ఉన్న ఆ నిమిషంలో చెప్పి ఉంటే ఎంత బాగుండేది. రెండింటిలోవీ కొన్ని ఆకులు విడివిడిగా సంచిలో వేసుకుని, బస్సు టైమవుతోంది అన్నాను. ఆ రాత్రే, ఎవరికీ చెప్పకుండా, ఒక చిన్న ప్లేటు వేసి చూసి, తుడిచేశాను.

పదకొండుకి ఐదు నిమిషాలు. తీశాను. గాలికి ఆరనిచ్చి, రంగు తేల్చే స్ప్రే కొట్టి, కిటికీ తెర లాగి, యూవీ దీపం కింద పెట్టాను. చీకట్లో నారింజరంగు వెలిగింది. మొదటి చుక్క పైన ఒకటి. మూడో చుక్క పైన, సరిగ్గా అదే ఎత్తున, ఇంకొకటి, ఇంకా గాఢంగా. మధ్యలో నున్నాకు దారిలో ఆ ఎత్తున ఏమీ లేదు. సార్ ఎప్పుడు వచ్చారో తెలియదు, నా భుజం మీదుగా చూస్తున్నారు. "ఊఁ," అన్నారు. దీపం ఆపి తెర తీశారు. "అనుకున్నదే. రాసుకో," అని కుర్చీ లాక్కున్నారు. "ఆకు సేకరించిన వ్యక్తి..." నేను రాశాను. ఆకు సేకరించిన వ్యక్తి. అందమైన దస్తూరీ. "...అజాగ్రత్త వలన..." అన్నారు. పెన్ను కాగితం మీద ఆగి సిరా చుక్క పెద్దదవుతోంది. అజాగ్రత్త. గుప్పిట్లో మట్టి తీసుకుపోయిన మనిషికి ఆ మాట.

"ఆవిడ కలపలేదు సార్," అన్నాను. "విడిగా మూట కట్టి తెచ్చి, కలపొద్దని చెప్పారు. నేనే కలిపాను." సార్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఎవరు చెప్పారు నీకు?" "ఎవరూ చెప్పలేదు సార్, నాకే చెప్పింది. మా అమ్మ." ఒక్కసారి తెగాక మిగతాది దానంతటదే వచ్చింది, తట్ట, తోటలో కత్తిరించిన కొమ్మ, గడిలో రాసిన అబద్ధం, పది రోజుల కిందటి ప్లేటు, ఒకదాని వెనక ఒకటి, వరస కూడా సరిగ్గా లేదు. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ప్రూఫు కాగితాల అంచులు సరిచేశారు. అరిస్తే బాగుండనిపించింది. "ఎందుకు కలిపావ్?" అన్నారు చివరికి. "వచ్చింది మా అమ్మని వీళ్ళకి తెలియకూడదని సార్." అది బయటికి చెప్పాక ఎంత చిన్న కారణమో నాకే వినిపించింది. ఆయన తలుపు వైపు చూశారు. "నాకూ ఒకసారి ఎదురొచ్చింది ఆవిడ, మెట్ల మీద. పక్కకి జరగమన్నాను," అన్నారు. లేచి నిలబడ్డారు. "ఈ సంవత్సరం నీ థీసిస్ కదలదు. ఆ నంబరు సంగతి కమిటీకి చెప్పాలి, నువ్వే చెప్పాలి. వాళ్ళేమంటారో నేను హామీ ఇవ్వలేను. ఉత్తరం మళ్ళీ రాయి, ఎవరు కలిపారో అలాగే రాయి." తలుపు దగ్గర ఆగారు. "ఆ తట్టలోది ఇంకా సగం ఉంది కదా స్టోరులో, పొడి కొట్టనిది. అందులో ఏది ఎంతో తేలాలి. నువ్వు ఏరగలవా?" "లేదు సార్." "నేనూ ఏరలేను. ఆవిడ వస్తారేమో అడుగు. ఆచార్యులగారిని కూడా రమ్మంటాను, చూసి నేర్చుకుంటాం."

రెండోసారి మోగాక అమ్మ ఫోను ఎత్తింది. "ఏంటే ఈ వేళప్పుడు? ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది. అమ్మా, రేపు ఇక్కడికి రావాలి నువ్వు."

"బస్తా ఇంకా నిండలేదే. ఎల్లుండికైతే..."

"బస్తా వద్దు. నువ్వు రా. ఆకు ఏరాలి. మా సార్ అడిగారు. ఆ రోజు నువ్వు తెచ్చిన రెండు రకాలూ నేను కలిపేశాను. చెప్పేశాను ఆయనకి. నువ్వు మా అమ్మవని కూడా."

అవతల ఆకుల గలగల ఆగిపోయింది. "ఎందుకు చెప్పావే? నీకేమన్నా ఇబ్బంది అవుతుందేమో," అంది. మళ్ళీ తనే, "సర్లే, ఏరేద్దాం, అదెంత పని. చెంపలు అరిగిపోతాయి అంతేగా," అని నవ్వి, ఇంకేదో అడగబోయి తటపటాయించింది. "మరి ఏ గేటు నుంచి రమ్మంటావ్?"

ఆ రోజు తర్వాత బస్తాలన్నీ వెనక గేటు కాపలాదారుకి ఇచ్చి పొమ్మని చెప్పింది నేనే. అప్పుడు కూడా ఎందుకని అడగలేదు. ఇప్పుడు అడిగిన దాంట్లోనూ ఎత్తిపొడుపు ఏమీ లేదు, బస్సు నంబరు అడిగినట్టే అడిగింది. నేను జవాబు చెప్పేలోపే, నా కష్టం చూడలేనట్టు అమ్మే అందుకుంది. "వెనకదే నయంలే, బస్టాపుకి దగ్గర."

"ముందు గేటుకి రా అమ్మా. నేను అక్కడే నిలబడి ఉంటాను."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి," అన్నాను. "అందరూ లోపలికొచ్చే వేళకి."